బడి అంటే హడలిపోయే పిల్లలకు సరైన చికిత్స: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాగించాలి

ఆదివారం రాత్రి దాకా బాగానే ఆడుకున్న పిల్లాడు సోమవారం పొద్దున టిఫిన్ ముందు కూర్చోగానే కడుపునొప్పి అంటాడు. "ఇవాళ్టికి వద్దులే" అన్న పావుగంటకి నొప్పి మాయం. డాక్టరుకు చూపిస్తే స్కానింగ్ నార్మల్, రక్తపరీక్ష నార్మల్. ఇంట్లో ఒకరు నాటకాలంటారు, ఒకరు దిష్టి తగిలిందంటారు, ఇంకొకరు నాలుగు తగిలిస్తే అదే పోతుందంటారు. నిజానికి ఆ నొప్పి ఉన్నదే. దాని వెనక ఉన్నది భయం. ఆ భయానికి వేలమంది పిల్లల మీద పరీక్షించి చూసిన చికిత్స ఉంది.

"కౌన్సెలింగ్ ఇప్పించామండీ, ఏం లాభం లేదు" అనే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అక్కడ ఏం చేశారని అడిగితే "మాట్లాడారు, ధైర్యం చెప్పారు" అంటారు. ధైర్యం మనమూ చెప్తూనే ఉన్నాం కదా. పిల్లల ఆందోళనకు పనిచేస్తుందని తేలిన పద్ధతిలో అసలు పని, భయపడే విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి పిల్లల చేత ఒక్కొక్కటీ చేయించడం. అందులో ఎక్కువ భాగం మీ ఇంట్లో, బస్టాపులో, బడి గేటు దగ్గర జరుగుతుంది. కాబట్టి ఆ పని మీకు కూడా నేర్పే మనిషిని వెతుక్కోవాలి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని, ఏది ముందు ఏది వెనకో వరసగా చెప్తాను.

1. రెండు వారాలు రాసి పెట్టండి

ఒక పాత నోట్‌బుక్ చాలు. పేజీకి నాలుగు గడులు: ఎప్పుడు, ఏం జరిగింది, మనం ఏం చేశాం, తర్వాత ఏమైంది. ఒక పేజీ ఇలా ఉంటుంది:

"సోమవారం 7.20. ఇడ్లీ సగం తిని కడుపునొప్పి అన్నాడు. ఏడ్చాడు. లేటవుతోందని వాళ్ల నాన్న అరిచారు. నానమ్మ వాము నీళ్లు తాగించి పడుకోబెట్టింది. 8.15కి బస్సు వెళ్లిపోయింది. 8.30కి లేచి ఫోన్ అడిగాడు. ఇచ్చాను."

బస్సు వెళ్లాక పిల్లాడు లేచాడని చూసి "అదిగో నాటకం" అనుకోకండి. భయపెట్టే సంగతి తప్పిపోగానే ఒళ్లు తేలికపడటం ఆందోళన లక్షణమే. పరీక్ష రోజు పొద్దున బాత్రూమ్ చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈ పేజీలో థెరపిస్టుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది మూడో గడి, మనం ఏం చేశాం అన్నది. మామూలుగా ఎవరూ రాయని గడి కూడా అదే.

ఎంత భయం మామూలు, ఎంత దాటితే చూపించాలి? మూడు నాలుగేళ్ల పిల్లలు చీకటికీ బూచాడికీ భయపడటం, ఎల్‌కేజీలో చేరిన కొత్తలో ఏడవడం వయసుతో పోయేవే. అమ్మనో నాన్ననో వదిలి ఉండలేని భయం నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా భయం వల్ల బడి, నిద్ర, తిండి, ఆటల్లో ఏదో ఒకటి దెబ్బతింటుంటే చూపించాల్సిందే. బడికి పూర్తిగా వెళ్లడం మానేస్తే మాత్రం నాలుగు వారాలు ఎదురుచూడకండి. ఇంట్లో గడిచిన ప్రతి రోజూ మర్నాటిని ఇంకాస్త కష్టం చేస్తుంది.

2. భయం వెనక నిజమైన ప్రమాదం ఉందేమో చూడండి

ముందు పిల్లల డాక్టరు. రక్తహీనత, థైరాయిడ్, ఆస్తమా, మైగ్రేన్ లాంటివి లేవని తేల్చుకోండి. కళ్లు, చెవులు కూడా. బోర్డు సరిగా కనపడక నోట్స్ రాసుకోలేక తిట్లు తినే పిల్లాడికి కావలసింది కళ్లద్దాలు. ఎంత చదివినా అక్షరాలు తారుమారవుతున్నాయంటే డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలోని ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి.

తర్వాత బడి. ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, బస్సులోనో ట్యూషన్‌లోనో ఎవరైనా తాకరాని చోట తాకుతున్నారా? ఎదురుగా కూర్చోబెట్టి "ఎవరైనా ఏమైనా అన్నారా, చెప్పు" అంటే "లేదు" అనే జవాబే వస్తుంది. బండి మీద వెళ్తూనో, చిక్కుడుకాయలు వలుస్తూనో అడగండి. బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? ఇంటర్వెల్‌లో ఎక్కడుంటావు? ఏ పీరియడ్ తొందరగా అయిపోతే బాగుండనిపిస్తుంది? జవాబు విని ఉలిక్కిపడకుండా, మధ్యలో తీర్పు చెప్పకుండా వినండి.

బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. లైంగిక వేధింపులకు 2012 పోక్సో చట్టం ఉంది. పిల్లల సహాయం కోసం 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. కొట్టే టీచరు ఉన్న క్లాసులోకి ధైర్యంగా వెళ్లమని నేర్పడం చికిత్స అనిపించుకోదు. ముందు ఆ దెబ్బలు ఆగాలి. ఇక్కడినుంచి చెప్పేదంతా ప్రమాదం లేనిచోట పుట్టిన భయం గురించే.

ఇంకొకటి. పిల్లలు "చచ్చిపోవాలనుంది" అన్నా, చేతులు కోసుకున్న గీతలు కనిపించినా ఈ వరసంతా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అదే గంటలో ఇల్లు దాటించండి. తాతయ్య బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తాళం వేసిన బీరువాలోకి వెళ్లాలి. రాత్రి వేళయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పోలీసు కేసవుతుందేమోనని దాచిపెట్టొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెప్తోంది.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, సీఆర్ఆర్ అనే నమోదు నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. ఉన్నవాళ్లు వెంటనే చెప్తారు. కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఏం చదివారో, పిల్లలతో ఎన్నేళ్లు పనిచేశారో కనుక్కోండి. మంచి కౌన్సెలర్లు లేరని కాదు, బోర్డు చూసి మాత్రం చెప్పలేం.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ వైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఆ ఊళ్ల పేర్లెత్తగానే చుట్టాలు నవ్వుతారు, తెలుసు. వాళ్లకు చెప్పకుండా వెళ్లి రండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది. బుద్ధి ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ, జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించే డీఈఐసీ అనే ప్రభుత్వ కేంద్రాలు దారి చూపిస్తాయి. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే 14416నే అడగండి.

చిన్న ఊళ్లో ఉంటే నెలకోసారి నేరుగా, మధ్యలో వీడియో కాల్‌లో చూడమని అడగొచ్చు. మెట్లు ఎక్కించే పని ఎలాగూ ఇంటి దగ్గరే కాబట్టి ఇది బాగానే నడుస్తుంది.

4. మొదటి సిట్టింగ్‌లోనే అడిగేయండి

మన దగ్గర డాక్టరును ప్రశ్నలడిగితే అమర్యాద అనుకుంటారు. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసుకుని "మర్చిపోతానని రాసుకొచ్చానండీ" అని తీయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మా పిల్లకు ఉన్న సమస్య పేరేమిటి? మీరు చేయబోయే పద్ధతి ఏమిటి, ఈ వయసు పిల్లల్లో అది పనిచేస్తుందని పరీక్షించి చూశారా? ఎన్ని సిట్టింగ్‌లు పట్టొచ్చు? ఇంట్లో మేం ఏం చేయాలి? తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?

రెండో ప్రశ్నకు సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అన్న మాట వినిపిస్తే "అందులో భయపడే పనులు మెల్లగా చేయించడం ఉంటుందా?" అని ఇంకో మాట అడగండి. పేరుకు సీబీటీ అని, ఊపిరి పీల్చి వదలడం, మంచి ఆలోచనల జాబితా రాయించడంతో సరిపెట్టేవాళ్లున్నారు. అవి తోడుగా పనికొస్తాయి, వాటితోనే భయం పోవడం అరుదు. మామూలుగా 12 నుంచి 16 సిట్టింగ్‌లు పడతాయి.

2008లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందిని నాలుగు గుంపులు చేసి 12 వారాలు చూశారు. సీబీటీ, సెర్ట్రలీన్ అనే మందు రెండూ ఇచ్చిన గుంపులో సుమారు 81 శాతం బాగా మెరుగుపడ్డారు. సీబీటీ ఒక్కటే అయితే 60 శాతం, మందు ఒక్కటే అయితే 55 శాతం. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 24 శాతం. మీ పిల్ల ఏ లెక్కలో పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. "నూటికి నూరు గ్యారంటీ" అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి రావడానికి మాత్రం ఈ అంకెలు చాలు.

ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తామనేవాళ్లు, వేలిముద్రలు తీసుకుని పిల్ల మనస్తత్వం చెప్తామనేవాళ్లు, కళ్లకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ కోర్సులు అమ్మేవాళ్లు కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. వీటికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

సమస్య వేరైతే పద్ధతీ వేరవుతుంది. చేతులు కడుగుతూనే ఉండటం, పదేపదే సరిచూసుకోవడం లాంటి ఓసీడీకి, ఆ పని చేయకుండా ఆగడం నేర్పే ప్రత్యేకమైన సీబీటీ ఉంది. చిన్నపిల్లల మొండితనం, ఆపలేని కోపానికి తల్లిదండ్రులకిచ్చే శిక్షణే ప్రధాన చికిత్స. ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ లేకపోవడం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం ఉన్న ఆరేళ్లలోపు పిల్లల విషయంలోనూ మందుకంటే ముందు అదే. వేధింపులకో ప్రమాదానికో గురైన పిల్లలకు టీఎఫ్ సీబీటీ (ట్రామా ఫోకస్డ్ సీబీటీ), అంటే ఆ చేదు అనుభవం మీదే దృష్టి పెట్టే సీబీటీ ఉంది. పేరు తెలిసి ఉంటే అడగడం తేలిక.

5. భయానికి మెట్లు కట్టండి

ఒక మూడో తరగతి పాపను తీసుకుందాం. తను బడిలో ఉన్నప్పుడు అమ్మకేదో అయిపోతుందని ఆ పాప భయం. థెరపిస్టు ముందు ఆ భయానికి ఒక పేరు పెట్టమంటారు. పాప "గుబులయ్య" అని పెట్టింది. "పొద్దున్నే గుబులయ్య వచ్చాడా?" అని అడిగితే పాప నవ్వుతుంది, తప్పు తనది కాదన్న సంగతీ అర్థమవుతుంది. తర్వాత ఏ పనికి ఎంత భయమో సున్నా నుంచి పది దాకా పాప చేతే అంకెలు వేయిస్తారు.

అమ్మ గదిలో తలుపేసుకుని పది నిమిషాలుంటే పాప హాల్లో ఒక్కతే ఉండటం: 2
అమ్మ వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్లొచ్చేవరకూ ఫోన్ చేయకుండా నానమ్మతో ఉండటం: 3
సాయంత్రం యూనిఫాం వేసుకుని వెళ్లి ఖాళీ క్లాసులో తన బెంచీ మీద పది నిమిషాలు కూర్చోవడం: 4
ప్రేయర్, మొదటి పీరియడ్ అయ్యేదాకా బడిలో ఉండటం, అమ్మ గేటు బయట: 6
అమ్మ ఇంటికి వెళ్లిపోయాక ఇంటర్వెల్ దాకా ఉండటం: 7
లంచ్ అయ్యేదాకా: 8
బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులోనే రావడం: 10

మొదలుపెట్టాల్సింది 2 దగ్గర. మెట్టు ఎక్కే ముందు "ఏమవుతుందని గుబులయ్య అంటున్నాడు?" అని అడగండి. చేశాక "అయిందా మరి?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నల మధ్య జరిగేదే అసలు చికిత్స. భయం వేసినప్పుడల్లా తప్పించుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, దాంతో తప్పించుకోవడమే సరైన పనని మెదడుకు అలవాటవుతుంది. ఉండి చూసినప్పుడు, అనుకున్న ఘోరం జరగలేదనీ, గుబులు ఉన్నా తట్టుకోగలననీ పాపకు సొంతంగా తెలుస్తుంది. అది మనం చెప్తే ఎక్కే సంగతి కాదు.

ఒక మెట్టును వారంలో నాలుగైదు సార్లు చేయించండి, విసుగొచ్చేదాకా. విసుగు మంచి గుర్తు. భయం బాగా పెరిగినప్పుడు మధ్యలో లేపుకొచ్చేయకండి, కాసేపు ఉండనివ్వండి. చేతికి ఫోన్ ఇచ్చి మరిపించినా లాభం లేదు, అప్పుడు నేర్చుకునేది ఫోన్ ఉంటేనే ఉండగలనని. అమ్మ చున్నీ బ్యాగులో పెట్టుకెళ్లడం లాంటి ఆసరాలు మొదట్లో ఉన్నా ఫరవాలేదు, పై మెట్లకు వచ్చేసరికి ఒక్కొక్కటిగా తీసేయాలి. మెట్టు మరీ ఎత్తయితే మధ్యలో ఇంకోటి కట్టుకోవచ్చు.

వెనకటికి ఊళ్లో బావుల్లో ఈత నేర్పేటప్పుడు నడుముకు సొరబుర్ర కట్టి దింపేవాళ్లు. గట్టు మీదే కూర్చున్నవాడికి ఈత రాదు, ఒక్కసారిగా తోసేసినవాడు మళ్లీ ఆ బావి వైపు రాడు. పిల్లాణ్ణి ఈడ్చుకెళ్లి బస్సులో పడేసే నాన్నలకు, ఇంట్లోనే ఉంచేసే అమ్మలకు ఇద్దరికీ వర్తించే సంగతి ఇది.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లు నిండని బాబు గురించి రాశారు. బాబు ఇష్టమైనది తింటుంటే బోనులో కుందేలును గదిలో దూరంగా పెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరుపుతూ వచ్చారు. చివరికి ఆ కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా ఊరుకునే దాకా వచ్చాడు బాబు.

6. ఇంట్లో మనం మార్చుకోవాల్సింది

నోట్‌బుక్‌లో మూడో గడి ఇప్పుడు తీయండి. పక్కన పడుకోవడం, బాత్రూమ్ బయట నిలబడటం, టీచరు అడిగితే పాప బదులు మనం జవాబు చెప్పడం, "అమ్మకేం కాదు కదా?" అని అడిగిన ప్రతిసారీ "ఏం కాదమ్మా" అనడం. ఒక్కొక్కటీ ప్రేమతో చేసిందే. అన్నీ కలిపి చూస్తే ఇల్లంతా భయం చెప్పినట్టు నడుస్తోందని తెలుస్తుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే మనస్తత్వవేత్త స్పేస్ అనే పద్ధతి తయారుచేశారు. అందులో థెరపిస్టును కలిసేది తల్లిదండ్రులే, పిల్లలు వెళ్లనక్కర్లేదు. 7 నుంచి 14 ఏళ్ల పిల్లలున్న 124 కుటుంబాలతో చేసిన పరీక్షలో, పిల్లలకు నేరుగా సీబీటీ చేసినదానికి ఇది ఏమాత్రం తీసిపోలేదని తేలింది. "డాక్టరు దగ్గరికి నేను రాను" అని భీష్మించుకున్న పిల్లలున్న ఇళ్లకు ఇది గొప్ప ఊరట.

అన్నీ ఒకేసారి మార్చకండి. రోజూ జరిగేది, మీ చేతిలో ఉన్నది ఒకటి ఎంచుకోండి. మార్చబోయే ముందు ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు పిల్లకు చెప్పండి. రాసి చదివి వినిపిస్తే ఇంకా మంచిది, వాదన పెరగదు:

"బుజ్జీ, నువ్వు బడిలో ఉన్నప్పుడు అమ్మకేమవుతుందోనని నీకు గుబులుగా ఉంటుంది. అది మాకు తెలుసు. గుబులుగా ఉన్నా నువ్వు ఉండగలవని కూడా మాకు తెలుసు. ఇన్నాళ్లూ నువ్వు అడిగినప్పుడల్లా ఏం కాదని చెప్పాం. దానివల్ల గుబులయ్య ఇంకా పెద్దవాడయ్యాడు. సోమవారం నుంచి రోజుకు ఒక్కసారే జవాబు చెప్తాం. మళ్లీ అడిగితే నిన్ను దగ్గరికి తీసుకుంటాం, జవాబు మాత్రం చెప్పం. అమ్మా, నాన్నా."

మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది. అది ముందే అనుకుని ఉండండి. మూడో రోజు మనసు కరిగి ఒప్పేసుకుంటే, గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని మనమే నేర్పినవాళ్లమవుతాం.

పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇదంతా బెడిసికొట్టేది వాళ్ల దగ్గరే. అమ్మా నాన్నా గట్టిగా ఉంటే నానమ్మ చాటుగా ఫోన్ ఇస్తుంది. ఆవిడను తప్పించకుండా ఆవిడకే ఒక పని అప్పజెప్పండి. "అత్తయ్యా, అది ఏడుస్తుంటే మీకు ప్రాణం ఉసూరుమంటుంది, నాకూ అంతే. డాక్టరుగారు కొన్నాళ్లు ఇలా చూడమన్నారు. పొద్దున ఏడుపు మొదలైతే మీరు పూజగదిలో ఉండండి. సాయంత్రం బస్సు దిగగానే మాత్రం మీరే ఎదురెళ్లి, ఎలా ఉండగలిగావే అని అడగండి. నేను పొగిడినదానికంటే మీరు పొగిడితేనే దానికి ఆనందం." దిష్టి తీస్తామన్నా, గుడికి తీసుకెళ్తామన్నా అడ్డు చెప్పకండి, నష్టం లేదు. వాతలు పెట్టేవాళ్ల దగ్గరికి, దెయ్యం వదిలిస్తామని కొట్టేవాళ్ల దగ్గరికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లొద్దు.

మెట్టు ఎక్కిన రోజునే చిన్న బహుమతి ఇవ్వండి. రాత్రికి ఏ కూర వండాలో పాప చెప్పడం, నాన్నతో ఒక క్యారమ్స్ ఆట. టెన్త్ అయ్యాక స్కూటీ కొంటామన్న మాట ఎనిమిదేళ్ల పిల్లకు వినపడదు. మెచ్చుకునేది కూడా చేసిన పనిని చెప్పి మెచ్చుకోండి: "గుబులుగా ఉన్నా ఇంటర్వెల్ దాకా ఉన్నావు." పక్కింటి పిల్లతో పోలిక తేవద్దు, ఎవరి ముందైనా సరే.

ఈ భారమంతా అమ్మ ఒక్కదాని మీద పడటం ఎన్నో ఇళ్లలో చూస్తాం. నాన్న కనీసం ఒక మెట్టు బాధ్యత పూర్తిగా తీసుకోవాలి, థెరపిస్టు దగ్గరికీ రావాలి. ఇద్దరూ రెండు రకాలుగా మాట్లాడే ఇంట్లో పిల్లలు ఎవరు మెత్తగా ఉంటే వాళ్ల దగ్గరికే వెళ్తారు.

7. బడితో మాట్లాడండి

క్లాస్ టీచరును ఒక్కరినే, పిల్లలెవరూ లేనప్పుడు కలవండి. మూడు కోరండి. పాపను గేటు దగ్గర ఎదురొచ్చి తీసుకెళ్లే మనిషి ఒకరు, ఆయమ్మ అయినా చాలు. కొన్ని వారాలు సగం పూట అనుమతి, థెరపిస్టు ఉత్తరంతో. క్లాసులో అందరి ముందూ "ఏమ్మా, ఇవాళైనా ఏడవకుండా వచ్చావా" అనకుండా ఉండటం. పొద్దున కడుపునొప్పి అంటే వెంటనే ఇంటికి ఫోన్ చేయకుండా ఒక పావుగంట కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకు పంపమని కూడా చెప్పండి.

సెలవుల తర్వాత భయం మళ్లీ తలెత్తుతుంది. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, దసరా, సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారం కష్టంగానే ఉంటుంది. సెలవులు అయిపోవడానికి మూడు రోజుల ముందునుంచే బడి వేళకు నిద్రలేపండి, ఒకసారి గేటు దాకా తీసుకెళ్లి రండి.

8. మందుల సంగతి

భయం తీవ్రంగా ఉంటే, లేదా థెరపీతో చాలినంత మార్పు రాకపోతే సైకియాట్రిస్ట్ మందు చెప్పొచ్చు. ఎక్కువగా రాసేవి ఎస్ఎస్ఆర్ఐలు, అంటే సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వీటికి మత్తుమందుల్లా బానిసలవడం ఉండదు. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం ఇబ్బందులొస్తాయి. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఈ మందులు వాడే పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని పెట్టె కట్టి హెచ్చరిక ముద్రించమంది. అప్పుడు చూసిన పరీక్షల్లో అలాంటి ఆలోచనలో ప్రయత్నాలో మందు వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం. ఆ పరీక్షల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. దీన్నిబట్టి మొదటి వారాల్లో పిల్లను దగ్గరగా గమనించాలి, నిద్రపట్టక తిరగడం, చిరాకు, కొత్త దిగులు కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి.

ఎవరికో రాసిన చీటీ చూపించి మెడికల్ షాపులో నిద్రమాత్రలు, ఆల్ప్రజోలం లాంటివి తెచ్చి పిల్లలకు వేయడం ఎంతమాత్రం వద్దు.

9. తగ్గుతోందా లేదా

"కాస్త పర్లేదండీ" అన్నది లెక్క కాదు. ఈ నెలలో ఎన్ని రోజులు బడికి వెళ్లింది, ఎన్ని పూటలు ఏడవకుండా వెళ్లింది, ఏ మెట్టు మీద ఉంది, అంతే. థెరపిస్టులు స్కేర్డ్ అనే 41 ప్రశ్నల పట్టికనో, ఎస్‌డీక్యూ అనే 25 ప్రశ్నల పట్టికనో వాడతారు. మొదట్లో ఒకసారి, నెలకోసారి నింపించి అంకెలు మీకు చూపించమనండి.

ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్‌లయినా ఒక్క మెట్టూ కదలకపోతే మొహమాటపడకుండా అడగండి: సమస్యను సరిగా గుర్తించామా? మెట్లు మరీ ఎత్తుగా ఉన్నాయా? ఇంట్లో ఎక్కడ పట్టు తప్పుతున్నాం? మందు ఆలోచించాలా? వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవడం తప్పేం కాదు. ఫైలు కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

బాగుపడ్డాక కూడా ఎప్పుడో జ్వరం వచ్చి వారం ఇంట్లో ఉన్నాక, ఇల్లు మారినప్పుడు, కొత్త క్లాసు టీచరు వచ్చినప్పుడు పాత కడుపునొప్పి తిరిగి రావచ్చు. మొదటికొచ్చిందని బెంబేలెత్తకండి. రెండు మెట్లు కిందికి దిగి అక్కడినుంచి మళ్లీ ఎక్కించండి, ఈసారి తొందరగానే ఎక్కుతారు. రెండు మూడు వారాల్లో కుదుటపడకపోతే పాత థెరపిస్టుకే ఫోన్ చేయండి. కథంతా మొదట్నుంచీ చెప్పే పని ఉండదు, చాలాసార్లు ఒకటి రెండు సిట్టింగ్‌లతో సరిపోతుంది.